నెమ్మదించినంత మాత్రాన డిస్కుదేనా నేరం?

"సార్, డిస్కు చెడిపోయింది, కొత్తది కొనాలి." బయటి డిస్కుకు పాఠాల వీడియోలు ఎక్కిస్తూ విసిగిపోయిన పిల్లలు తరచు అనే మాట ఇది. "ఎలా తెలిసింది?" అని అడిగితే, "చాలా నెమ్మదిగా ఎక్కుతోంది" అంటారు. నెమ్మది రోగలక్షణమే గాని రోగం కాదు. జ్వరం వచ్చిన ప్రతివాడికీ మలేరియా అని తీర్పు చెప్పే వైద్యుణ్ణి మీరు మెచ్చుకుంటారా?

మొదట కొలవండి. "చాలా", "కొంచెం" అనేవి కొలతలు కావు. 16 గిగాబైట్లంటే సుమారు 16,000 మెగాబైట్లు. అవి 500 సెకన్లలో ఎక్కితే వేగం సెకనుకు 32 మెగాబైట్లు. 2000లో వచ్చిన యు.ఎస్.బి. 2.0 పద్ధతి గరిష్ఠ వేగం సెకనుకు 480 మెగాబిట్లు. 8 బిట్లు ఒక బైటు గనుక అది 60 మెగాబైట్లు. ఆచరణలో 30, 40 కంటె మించి రావడం అరుదు. 2008లో వచ్చిన 3.0 పద్ధతి గరిష్ఠ వేగం 5,000 మెగాబిట్లు. కాబట్టి 32 అనే అంకె వస్తే డిస్కును కాక, ముందు దారిని అనుమానించాలి.

ఆసిఫాబాదు నుండి ఉట్నూరు పోయే బస్సును చూడండి. ఇంజను ఎంత మంచిదైనా కెరమెరి ఘాటు మలుపుల్లో నెమ్మదించక తప్పదు. అలాగే డిస్కు, కేబులు, సాకెట్టు, కంప్యూటరు, వీటిలో అన్నిటికంటె నెమ్మదైనదే మొత్తం వేగాన్ని నిర్ణయిస్తుంది. 3.0 డిస్కును 2.0 సాకెట్టులో పెడితే 2.0 వేగమే వస్తుంది. ఫోను ఛార్జింగు కేబుళ్ళలో చాలావాటికి కొత్తరకం 'సి' మొన ఉన్నా, లోపలి వేగం పాతదే.

మరి తేల్చేదెలా? ఒకసారి ఒక్కటే మార్చండి. అదే ఫైలు, అదే డిస్కు ఉంచి సాకెట్టు మాత్రం మార్చి కాలం చూడండి. తరువాత కేబులు, ఆ తరువాత కంప్యూటరు. అన్నీ ఒకేసారి మారిస్తే, బాగుపడినా దేనివల్ల బాగుపడిందో తెలియదు. లోలకం ప్రయోగంలో పొడవునూ గుండునూ ఒకేసారి మార్చం గదా!

ఫైళ్ళ తీరు కూడా చూడాలి. ఒక పెద్ద వీడియో కంటె, అంతే పరిమాణం గల వేల చిన్న ఫైళ్ళు ఆలస్యంగా ఎక్కుతాయి. ప్రతి ఫైలుకూ పేరు, చోటు విడివిడిగా నమోదు కావాలి. బియ్యాన్ని బస్తాగా మోయడానికీ, పిడికెడు పిడికెడుగా మోయడానికీ ఉన్న తేడాయే ఇది.

అయితే ఒక హెచ్చరిక. తిరిగే డిస్కులో టిక్కు టిక్కుమనే శబ్దం వస్తున్నా, కేబులు మార్చినా ఒకే ఫైలు దగ్గర ప్రతిసారీ ఆగిపోతున్నా అది నిజంగా జబ్బే కావచ్చు. అప్పుడు ప్రయోగాలు ఆపి, మరెక్కడా లేని ఫోటోలను, రాతలను ముందుగా వేరేచోటికి ఎక్కించండి. విసుగుతో మధ్యలో డిస్కు పీకకండి. రాత సగంలో తెగి ఫైళ్ళు దెబ్బతినవచ్చు.

"ఇంత శ్రమ ఎందుకు, దుకాణంలో ఇస్తే పోదా?" అనేవారున్నారు. ఇవ్వండి, తప్పులేదు. కాని కొలిచి, కారణం వెదికి ఇవ్వండి. రెండు మూడు వందల కేబులుతో పోయే లోపానికి వేల రూపాయల డిస్కు కొనడం మన ఇళ్ళకు చిన్న నష్టం కాదు. అంతకంటె పెద్ద నష్టం మరొకటుంది: విచారణ లేకుండా తీర్పు చెప్పే అలవాటు. అది డిస్కుల దగ్గర ఆగదు, మనుషుల దాకా వస్తుంది.

ఈసారి ఎవరైనా "చెడిపోయింది" అంటే, "ఎంత వచ్చింది, కొలిచావా?" అని అడిగి చూడండి.