షాబందర్ కుర్చీలో ఎవరు?

బందరుకి ఆ పేరెలా వచ్చిందో మా స్కూల్లో ఉర్దూ ఉస్తాద్ చెప్పారు. ఫార్సీలో బందర్ అంటే ఓడరేవు. మచిలీపట్నం గోల్కొండ కుతుబ్‌షాహీల రేవు, ఇరాన్ దాకా జహాజులు నడిచిన రేవు. 1605లో డచ్చివాళ్లు, 1611లో ఇంగ్లిష్‌వాళ్లు వచ్చి దిగింది అక్కడే. ఆ కాలంలో హిందూ మహాసముద్రం చుట్టూ చాలా రేవుల్లో షాబందర్ అనే ఓహ్దేదారు ఉండేవాడు. దూరదేశపు సౌదాగర్లతో మాట్లాడడం, సుంకం తేల్చడం, తగువులు తీర్చడం ఆయన పని. మలక్కాలో అయితే నలుగురు. గుజరాతీలకి ఒకరు, మన తూర్పు తీరం నుంచి పోయినవాళ్లకీ బెంగాలీలకీ పెగూవాళ్లకీ కలిపి ఇంకొకరు. అంటే ఎవరి రోజీ ఆ నీళ్లతో ముడిపడి ఉందో, వాళ్ల మాట వినడానికి రేవులో ఒక మనిషి ఉన్నాడన్నమాట.

ఈ కిస్సా ఇప్పుడెందుకంటే, ముంబైలో జరిగే సముద్ర సదస్సుల ఖబర్లు చదువుతుంటే ఆ కుర్చీ గుర్తొస్తోంది. 2023 అక్టోబర్‌లో గ్లోబల్ మారిటైమ్ ఇండియా సమ్మిట్, 2025 అక్టోబర్‌లో ఇండియా మారిటైమ్ వీక్. ఇలాంటి వాటికి దేశదేశాల నుమాయిందాలు వస్తారు. రాష్ట్రాల నుంచి మంత్రులు, ఐఏఎస్ సాబ్‌లు, పోర్టుల అధికారులు వస్తారు. ఎన్ని కోట్ల ఒప్పందాలో మేం హెడ్డింగ్ పెడతాం. నేనూ పెట్టాను, ఒకటి రెండుసార్లు కాదు. ఆ హాల్లో వల లాగిన చెయ్యి ఒక్కటైనా ఉందా అని అడగాలన్న ఖయాల్ ఆ రోజుల్లో నాకు రాలేదు.

73వ రాజ్యాంగ సవరణతో వచ్చిన పదకొండో షెడ్యూల్ తీసి చూడండి. పంచాయతీలకు అప్పగించదగిన 29 అంశాల్లో అయిదోది మత్స్య పరిశ్రమ. కాగితం మీద హక్కు ఉంది. సముద్రం గురించి మజ్లిస్ పెట్టినప్పుడు సర్పంచ్‌కి దావత్ మాత్రం లేదు.

శ్రీకాకుళం సంగతే తీసుకోండి. పొడవాటి తీరం ఉంది, బోట్లు నిలిపే సరైన హార్బర్ మాత్రం లేక కె. మత్స్యలేశం లాంటి ఊళ్ల మగవాళ్లు ఏటా గుజరాత్‌లోని వెరావల్‌కు పోయి పరాయి బోట్లలో మజ్దూరీ చేస్తారు. 2018 నవంబర్‌లో అలా పోయిన మన ఉత్తరాంధ్రవాళ్లు పాకిస్తాన్ సముద్ర భద్రతా దళానికి చిక్కారు. ఏడాదికి పైగా కరాచీ జైల్లో ఉన్నారు. వాళ్లలో 20 మంది 2020 జనవరిలో వాఘా దాటి వచ్చారు. తండేల్ సినిమా చూసినవాళ్లకి ఈ కథ తెలుసు. (కరాచీ అనే మాట నా కలం నుంచి వస్తే కొందరి కనుబొమలు లేస్తాయి. లేవనీ.)

కచ్‌కీ సింధ్‌కీ మధ్య సర్ క్రీక్ అని ఒక ఉప్పునీటి పాయ ఉంది. అక్కడ హద్దు తేలలేదు కాబట్టి దాని ముందున్న సముద్రంలోనూ హద్దు తేలలేదు. నీళ్లమీద గీత కనిపించదు, చేప ఎటు పోతే బోటు అటు పోతుంది. ఐక్యరాజ్యసమితి సముద్ర చట్టం 73వ అధికరణం దీనికో దారి చెప్పింది. ఒక దేశపు ప్రత్యేక ఆర్థిక మండలంలో చేపల చట్టం మీరారని పట్టుకుంటే, దేశాల మధ్య వేరే ఒప్పందం లేనిదే ఖైదు శిక్ష వెయ్యకూడదు. తగిన జమానత్ తీసుకుని త్వరగా వదలాలి. రెండు ముల్కులూ ఆ చట్టాన్ని ఒప్పుకున్నాయి. అయినా 2008 ఒప్పందం ప్రకారం ప్రతి జనవరి 1న, జులై 1న ఇచ్చిపుచ్చుకునే ఖైదీల జాబితాల్లో మత్స్యకారులకి ఒక ఖానా ఉంటూనే ఉంది. ఇటువాళ్లు అక్కడ, అటువాళ్లు ఇక్కడ.

జాబితాలో పేరొస్తే పోలీసులు ఊరికొచ్చి ఆరా తీస్తారు. ఈ మనిషి ఇక్కడివాడేనా, తండ్రి ఎవరు, ఇల్లెక్కడ? జవాబ్ చెప్పాల్సింది ఊరే. ఇంట్లో మిగిలిన ఆడవాళ్లు బియ్యానికి, అప్పుకి తిరిగేది సర్పంచ్ గడప ముందే. అంతర్జాతీయ సహకారం తెగిపోయినప్పుడు దాని బరువు మోసేది ఆ గడప.

విదేశీ వ్యవహారాలు ఢిల్లీ పని, సర్పంచ్‌కేం తెలుసు అని ఒక దోస్త్ నాతో బహస్ పెట్టుకున్నాడు. సర్పంచ్‌ని దస్తఖత్ పెట్టమనడం లేదు భాయ్, గవాహీ చెప్పనివ్వమంటున్నా. 2025 జూన్‌లో ఫ్రాన్స్‌లోని నీస్‌లో ఐక్యరాజ్యసమితి సముద్ర మహాసభ జరిగింది. దానికి ముందే తీర నగరాల మేయర్లు అక్కడ విడిగా కూర్చుని తమ మాట చెప్పుకున్నారు. ఎవరి సార్వభౌమత్వమూ మునిగిపోలేదు.

ముంబైకి వీసా కూడా అక్కర్లేదు. ఒక స్లీపర్ టికెట్, ఒక పాస్, తెలుగు తెలిసిన ఒక దుబాసీ. కె. మత్స్యలేశం నుంచి ఒకరిని పిలవండి. ఎప్పుడైనా హాలత్ బాగుపడితే కరాచీ పక్కన ఇబ్రహీం హైదరీ మల్లాహుల బస్తీ నుంచీ ఒకరిని పిలవండి. బల్లకి ఇటొకరు అటొకరు కూర్చుంటే, ఏ గాలికి బోటు ఏ వైపు కొట్టుకుపోతుందో ముందు వాళ్లే మాట్లాడుకుంటారు. మేం రిపోర్టర్లం వెనక వరసలో కూర్చుని రాసుకుంటాం.