సెట్టులో లేని సంచికలు

చార్లీ బ్రౌన్ గురించి నాకు తెలిసినంత దాసు, వాసుల గురించి తెలియదు. వాళ్లెవరని మీరడిగితే తప్పుపట్టే అర్హతా నాకు లేదు. తొలినాళ్ల చందమామలో ‘చిత్రకథ’ పేరుతో ఒక పేజీ బొమ్మల కథ వచ్చేది. ఇద్దరు కుర్రాళ్లు, వాళ్ల వెంట ఓ కుక్క, ఏదో అల్లరి, చివరి గడిలో నవ్వు. అమెరికా కుర్రాడి కథ నా అల్మరాలో గట్టి అట్టలతో, పెట్టెల్లో, ఏళ్ల వరసలో ఉంది. మనవాళ్లది నా ఫోనులో ఉంది. అదీ ఎవరో పంపిన పేజీలుగా, ముందూ వెనకా లేకుండా. ఇలా ఎందుకైందని ఇన్నాళ్లూ ఎవరెవరినో అన్నాను. ప్రచురణకర్తలన్నాను, ప్రభుత్వమన్నాను, కాలమన్నాను. నిదానంగా చూసుకుంటే ప్రతిచోటా నా చెయ్యే కనిపిస్తోంది. నాదొక్కటే కాదు, మనందరిదీ. ‘మనందరిదీ’ అనడంలో నా వంతు తగ్గించుకునే ఎత్తు కొంత ఉందేమో. ఉంటే అదీ ఒప్పుకుంటాను.

ముందు ఆ పెట్టెల సంగతి. చార్లీ బ్రౌన్ ఉండే ‘పీనట్స్’ను చార్లెస్ షుల్జ్ 1950 అక్టోబరు 2న మొదలుపెట్టి, దాదాపు 50 ఏళ్లు ఒక్కచేత్తో గీశాడు. ఆఖరి ఆదివారం బొమ్మ 2000 ఫిబ్రవరి 13న వచ్చింది. మొత్తం 17,897. సియాటిల్‌లోని ఫాంటాగ్రాఫిక్స్ అనే ప్రచురణ సంస్థ వాటన్నిటికీ పూనుకుని 2004 నుంచి 2016 దాకా 26 సంపుటాలు తెచ్చింది. చాలావరకు సంపుటానికి రెండేళ్ల బొమ్మలు, రెండేసి సంపుటాలకు ఒక పెట్టె. విడిగా కొనాలా, పెట్టెగా కొనాలా అని మాలాంటివాళ్లం గంటల తరబడి వాదించుకున్నాం. విడిగా అయితే వచ్చింది వచ్చినట్టు చదువుకోవచ్చు. పెట్టె కోసం ఆగితే కొంత చవక, పైగా చూడముచ్చటగా ఉంటుంది. బిల్ వాటర్సన్ ‘కాల్విన్ అండ్ హాబ్స్’ 2005లో మూడు సంపుటాల పెట్టెగా వచ్చింది. పది కిలోల బరువు. అమెరికా నుంచి వచ్చే చుట్టాలను ఆవకాయ ఆశ పెట్టి మోయించుకున్నవాళ్లున్నారు. వాళ్లలో నేనూ ఉన్నాను.

ఆ పెట్టెలు ఊరికే తయారు కాలేదు. అక్కడా గ్రంథాలయాలు పాత దినపత్రికలను మైక్రోఫిల్ములకెక్కించి, అసలు కాగితాలను వదిలించుకున్నాయి. రంగుల ఆదివారం అనుబంధాలు నలుపు తెలుపు ఫిల్ముల్లోకి వెళ్లి నీడల్లా మిగిలాయి. శాన్ ఫ్రాన్సిస్కోలో బిల్ బ్లాక్‌బియర్డ్ అనే ఆయన ఆ వదిలించుకున్న పత్రికలను తెచ్చి ఇంటినిండా పేర్చుకున్నాడు. ఆ సేకరణ 1998లో ఒహాయో స్టేట్ యూనివర్సిటీకి చేరినప్పుడు ఆరు భారీ ట్రక్కులు పట్టాయి, 75 టన్నులు. ఇవాళ అమెరికాలో పాత బొమ్మల కథలు సంపుటాలుగా వస్తున్నాయంటే వాటిలో చాలావాటి వెనక ఆ ఇల్లుంది. ఆ కథ చదివి నేను చాలా కదిలిపోయాను, నలుగురికీ చెప్పాను. చెబుతున్నప్పుడు మా ఇంటి అటక ఒక్కసారి కూడా గుర్తుకు రాలేదు.

అటక మీద చందమామలుండేవి. చాలా ఇళ్లలో ఉండేవి. 1947 జూలైలో మద్రాసు నుంచి నాగిరెడ్డి, చక్రపాణి మొదలుపెట్టిన పత్రికను మూడు తరాలు చదివాం. చదివి పారేశామని అనడం సరికాదు, దాచాం కూడా. అయితే ఎలా దాచామన్నది చెప్పుకోవాలి. ఏడాది సంచికలు పన్నెండూ పోగుచేసి వేసవిలో బైండింగ్‌కి ఇచ్చేవాళ్లం. అట్టలుంటే పుస్తకం ఉబ్బుతుంది, కుట్టు నిలవదు అనేవాడు బైండింగ్ చేసే ఆయన. సరే తీసెయ్యమనేవాళ్లం. వడ్డాది పాపయ్య, అదే మన వపా, వేసిన ముఖచిత్రాలు అలా పోయాయి. మహాభారతం అట్టల మీద ఎం.టి.వి. ఆచార్య గీసిన భీష్ముడూ కర్ణుడూ అలా పోయారు. ప్రకటనల పేజీలు ఎందుకని చించేశాం. ఆ కాలపు సబ్బులూ బిస్కట్లూ ఎలా ఉండేవో తెలియకుండా పోయింది. అంచులు సమంగా రావాలని కత్తిరించినప్పుడు బొమ్మల చివర్లూ, అక్కడక్కడా అక్షరాలూ తెగాయి. వీపున కాలికో గుడ్డ, దాని మీద ఇంటిపేరూ సంవత్సరమూ రాయించి ఎంత మురిసిపోయామో. ఇవాళ ఎవరైనా ఆ ఏడాదిని అచ్చంగా మళ్లీ అచ్చువేయాలంటే ఆ ముచ్చటైన పుస్తకాలు పనికిరావు. బైండింగ్ ఆయనదేం తప్పు? ఆయన అడిగాడు, మేం తలూపాం.

అలా కూడా చేయనివి పాతపేపర్లతో పాటు కిలోల లెక్కన వెళ్లాయి. ఇల్లు మారినప్పుడు, అటకకు చెద పట్టినప్పుడు, ఆడపిల్ల పెళ్లికి ఇల్లు సున్నం వేయించినప్పుడు. ‘మళ్లీ చదువుతామా ఏమిటి’ అన్న ఒక్క మాటతో. ఆ మాట అన్నది మా అమ్మ అని చాన్నాళ్లు చెప్పుకున్నాను. అప్పటికి నేను డిగ్రీలో ఉన్నాను, అక్కడే ఉన్నాను, మూటలు గుమ్మం దాకా మోసింది నేనే.

ఇంకో మౌనం ఉంది, దాని గురించి తక్కువగా మాట్లాడుకుంటాం. చందమామ సీరియళ్లు తోకచుక్క, మకరదేవత, రాకాసిలోయ, పాతాళదుర్గం చదవని పిల్లలు ఒకప్పుడు అరుదు. చిత్ర అనే చిత్రకారుడు వేసిన ఆ బొమ్మల్లోని కొమ్ముల టోపీలూ, గండభేరుండాలూ ఇప్పటికీ కళ్లముందుంటాయి. చిత్ర సంతకం బొమ్మ మూలన ఉండేది, మరో చిత్రకారుడు శంకర్‌దీ ఉండేది. కథ రాసినాయన పేరు మాత్రం ఉండేది కాదు. ఆయన దాసరి సుబ్రహ్మణ్యం. చందమామ ఆఫీసులో కూర్చుని దశాబ్దాల పాటు రాశారు. 1952 నుంచి 1980లో కన్నుమూసేదాకా పత్రికను నడిపిన కొడవటిగంటి కుటుంబరావు పేరూ సంపాదకుడిగా అచ్చు కాలేదు. అది పత్రిక పద్ధతి, సరే. చదివే మనం ఎందుకు అడగలేదు? ఫోటో వ్యాఖ్యల పోటీకి కార్డు ముక్కలు రాశాం. రావలసిన సంచిక అందకపోతే రాశాం. ‘ఈ కథ ఎవరు రాస్తున్నారండీ’ అని ఒక కార్డు రాయాలని నాకెన్నడూ తోచలేదు. నెలనెలా కథ అందుతోంది కదా, అది చాలనుకున్నాం. దాసరి గారు 2010లో పోయారు. ఆయన సీరియళ్లు కొందరు పాఠకుల పట్టుదల వల్ల పుస్తకాలయ్యాయి. ఆ కొందరిలో నేను లేను. పుస్తకాలు వచ్చాక గర్వపడ్డవాళ్లలో ఉన్నాను.

1998లో చందమామ ఆగిపోయింది. ఏడాది పైగా రాలేదు. ఆ ఏడాదిలో మనలో ఎంతమందికి అది రావడం లేదని తెలిసింది? 1999 డిసెంబరులో మళ్లీ మొదలైనప్పుడు పేపర్లలో చదివి ‘ఆహా, మన చందమామ’ అనుకున్నాం. చందా కట్టినవాళ్లు తక్కువ. పిల్లలు తెలుగు చదవరు కదా అనేది అప్పటికే సిద్ధంగా ఉన్న జవాబు. వాళ్లను ఇంగ్లీషు మీడియంలో వేసింది ఎవరు, ఇంట్లో తెలుగు అక్షరాలు దిద్దించనిది ఎవరు అని ఎవరూ అడగరు గనక ఆ జవాబు బాగా పనికొచ్చింది. తప్పని నేను గట్టిగా అనలేను. ఆ చదువుతోనే వాళ్లు బాగుపడ్డారు, వాళ్ల జీతాలతోనే నా పెట్టెలూ వచ్చాయి. అమర్ చిత్రకథలూ అంతే. 1967లో అనంత్ పాయ్ మొదలుపెట్టిన ఆ పుస్తకాలు తెలుగులోనూ వచ్చాయి. కానీ మూడొందల పైచిలుకు పుస్తకాల పెద్ద సెట్టు మనవడికి కొనేటప్పుడు నేను ఇంగ్లీషుదే కొన్నాను. కృష్ణదేవరాయలూ తెనాలి రామకృష్ణుడూ మా ఇంటికి ఇంగ్లీషు మాట్లాడుకుంటూ వచ్చారు.

2007లో చందమామను ముంబయికి చెందిన జియోడెసిక్ అనే సాఫ్ట్‌వేర్ సంస్థ కొంది. పాత సంచికలన్నీ వెబ్‌సైట్లో పెట్టారు. మాకు పండగే. రాత్రుళ్లు కూర్చుని సంవత్సరాలకు సంవత్సరాలు దింపుకున్నాం. అదే సమయంలో కొత్త సంచిక ఊళ్లో ఏ కొట్లో దొరుకుతుందో నాకు తెలియదు, వెతకనూ లేదు. పాతది ఉచితంగా ఉండగా కొత్తది కొనడమెందుకు? అలా ఎవరూ పైకి అనలేదు, అందరం చేశాం. 2013 నాటికి అచ్చు ఆగిపోయింది. తరువాత ఆ సంస్థే అప్పుల్లో పడి మూతపడింది, వెబ్‌సైటూ పోయింది. దింపుకున్న పీడీఎఫ్‌లే ఇప్పుడు చేతులు మారుతున్నాయి. వాటివల్లే ఇంకా చదవగలుగుతున్నాం, అది నిజం. స్కాన్ చేసినవాళ్ల రుణం తీరేది కాదు, అదీ నిజం. వాటి అలవాటుతోనే పుస్తకం వచ్చిందనగానే ‘పీడీఎఫ్ ఉందా?’ అని అడగడం మరిగాం. హైదరాబాదులోనైనా, డాలస్‌లోనైనా తెలుగువాడి మొదటి ప్రశ్న అదే. వేలు పోసి చార్లీ బ్రౌన్ కుక్క స్నూపీని కొన్నవాడు రెండు మూడొందల తెలుగు పుస్తకం దగ్గర తగ్గింపు అడుగుతాడు. ఎవరినో అనడం లేదు, నా సంగతే చెబుతున్నాను.

పక్కనే శివకాశి ఉంది. 1972లో ముత్తు కామిక్స్, 1984లో లయన్ కామిక్స్ అక్కడ మొదలయ్యాయి. మొదలుపెట్టిన కుటుంబమే వాటిని ఇప్పటికీ నడుపుతోంది. టెక్స్ విల్లర్, లక్కీ లూక్ అక్కడ తమిళం మాట్లాడతారు. ‘థర్టీన్’ అనే బెల్జియం సీరియల్ 18 భాగాలను కలిపి 2010లో ఒకే లావుపాటి పుస్తకంగా వేశారు. పాఠకులు ముందే చందా కట్టేస్తారు, కట్టాక అనువాదం బాగాలేదనీ, కాగితం పలచగా ఉందనీ ఏకుతారు, మళ్లీ మరుసటి ఏడాదికి కడతారు. కలకత్తాలో నారాయణ్ దేవ్‌నాథ్ బొమ్మల కథలు సమగ్ర సంపుటాలయ్యాయి. మలయాళంలో, సినిమాలు తీసిన అరవిందన్ వారపత్రికలో గీసిన బొమ్మల కథ పుస్తకమై నిలిచింది. మనకు బొమ్మలు లేక కాదు. బుజ్జాయి ‘డుంబు’ ఉన్నాడు. కవి దేవులపల్లి కృష్ణశాస్త్రి గారి అబ్బాయి ఆయన. ఇలస్ట్రేటెడ్ వీక్లీలో పంచతంత్రం బొమ్మలు గీసి దేశమంతటికీ చదివించాడు. మన మాటల్లో మాత్రం ఎక్కువగా కృష్ణశాస్త్రి గారి అబ్బాయిగానే మిగిలాడు. బుడుగు ఒక్కడు ఎప్పుడూ దొరుకుతున్నాడు, కొంటున్నాం గనక. ఆ ఒక్క ఉదాహరణ చాలు, మిగతావి ఎందుకు దొరకడం లేదో తెలియడానికి.

సేకరించేవాళ్లమైనా మెరుగా అంటే, కాదు. మేం ఇంకాస్త చెడగొట్టాం. ఆదివారం హైదరాబాదు కోఠీ, ఆబిడ్స్ ఫుట్‌పాత్‌ల మీద పదికీ ఇరవైకీ దొరికిన సంచికలకు మేమే పోటీపడి ధర పెంచాం. కొన్నది ప్లాస్టిక్ కవర్లో పెట్టి, తాకితే నలుగుతుందని పిల్లల చేతికివ్వలేదు. పిల్లల పత్రిక అది. మొదటి సంచిక నా దగ్గరుందని ఫొటో పెట్టుకుంటాం కానీ, లోపలి పేజీలు స్కాన్‌కి ఇవ్వమంటే పని ఉందంటాం. అందరికీ అందితే దాని విలువ తగ్గుతుందన్న లెక్క లోపల ఉంటుంది. పైకి మాత్రం కాగితం పెళుసుగా ఉందండీ అంటాం. అదీ అబద్ధం కాదు, అందుకే సులువుగా నోటికొస్తుంది.

వేటపాలెం సారస్వత నికేతనం 1918 నుంచి పాత పత్రికలను కాపాడుతోంది. అక్కడికి వెళ్లి ఆ గదులు చూసి పొంగిపోయాను. వచ్చాక నా దగ్గర రెండేసి ఉన్న సంచికలు వాళ్లకు పంపుదామనుకున్నాను. ఇంకా పంపలేదు. మారకానికి పనికొస్తాయని అట్టేపెట్టాను.

మారకమంటే రాజమండ్రిలో ఒక పెద్దాయన ఉన్నారు, నాలాగే. యాభైల నాటి ఒక ఏడాదిలో ఆయనకు లేనివి నా దగ్గరున్నాయి, నాకు లేనివి ఆయన దగ్గరున్నాయి. కలిపితే ఆ ఏడాది అట్టలతో సహా పూర్తవుతుంది. ఎవరైనా పుస్తకంగా వేయాలనుకుంటే అసలు ప్రతి దొరికినట్టే. ఈ సంగతి ఇద్దరికీ తెలుసు. ముందు ఆయన పంపితే బాగుండునని నేనూ, నేను పంపితే బాగుండునని ఆయనా చూస్తున్నాం. మొన్న ఫోన్ చేసి, ‘పోనీ మధ్యలో విజయవాడలో ఎవరింట్లోనైనా పెట్టి అన్నీ స్కాన్ చేయిద్దామా మాస్టారూ’ అన్నారు. మంచి మాటే. చూద్దామండీ అన్నాను. మళ్లీ చేస్తారు. అప్పుడూ చూద్దామనకుండా ఉండగలనో లేదో ఇప్పటికైతే చెప్పలేను.