ఇంటి పొరుగున విమానశాల



కడచిన మాసమున గుంటూరు సీమనుండి ఒక సోదరి మాకిట్లు వ్రాసినది: "వేసవి సెలవులలో పిల్లలను తోడ్కొని హైదరాబాదునకు రాదలచితిమి. చార్మినారును, గోలకొండను మునుపే చూచితిమి. మా చిన్నవానికి విమానములన్న ప్రాణము. అందఱును పోయి చూడని వింతలేవైన మీ పట్టణమున నున్నచో తెలుపగలరు." ఈ జాబునకు ప్రత్యుత్తరము వ్రాయ గూర్చుండగా మాకు ముందుగా తోచినది ఏ రాజప్రాసాదమును గాదు, మా వీథినుండి నడచిపోవు దూరమున మొన్నమొన్నటి వఱకు నిలిచియుండి, నేడు లేని యొక ఇనుప కప్పు. లేనిదానిని గూర్చి ముందు చెప్పి, ఉన్నవానిని గూర్చి పిదప చెప్పుదుము. ఇట్లు చేయుటకు కారణము చదివినకొలది మీకే తెలియును.

మేము కాపురముండునది ఉస్మాన్‌గంజ్. గంజ్ అనగా ఇచ్చట టోకు బజారు. కోడి కూయక మునుపే బస్తాలు దింపు హమాలీల కేకలు, ప్రొద్దెక్కిన పిదప మిరప ఘాటు, తోపుడుబండ్ల రద్దీ, ఇవి మా వీథులకు నిత్యభూషణములు. ఒక ప్రక్క బేగంబజారు, ఒక ప్రక్క మొజంజాహీ మార్కెట్టు, వేఱొక ప్రక్క గౌలిగూడ. 2014లో కోడలిగా ఈ యింట అడుగుపెట్టినది మొదలు గౌలిగూడ బస్సుల అడ్డాకు సంచులు మోసికొని పోవుట, బస్సు కొఱకు కన్నులు కాయలు కాయునట్లు చూచుట మాకు అలవాటైపోయెను. ఆ అడ్డా కప్పు తక్కిన బస్సు నిలయముల కప్పువంటిది కాదు. పెద్ద పీపాను పొడవునా చీల్చి, ఒక సగమును నేలపై బోర్లించినట్లుండెడిది. దాని క్రింద నాలుగేండ్లు నిలిచితిమి గాని, ఇది యేల ఇట్లున్నదని ఒక్కనాడును తల యెత్తి చూడలేదు. ప్రబంధములలోని పురవర్ణనలను వల్లించిన మాకు మా పురమునే చూచు కన్ను లేకపోయెను.

ఆ కప్పు బస్సుల కొఱకు పుట్టినది కాదు. అది విమానములను నిలుపు శాల. అమెరికా దేశపు బట్లర్ కంపెనీవారు చేసిన ఆ ఇనుప కట్టడమును 1930 ప్రాంతమున నిజాము ప్రభువు తెప్పించెననియు, దానిని 'మిసిసిపీ హ్యాంగరు' అని పిలిచెడివారనియు చెప్పుదురు. విమానశాలకు నడుమ స్తంభములు పనికిరావు; స్తంభమున్నచో రెక్కలు లోనికి పోవు. కావున బరువంతయు నడుమ పడక, వంపుల వెంట జాఱి రెండంచులనుండి నేలకు దిగునట్లు కప్పును ధనుస్సువలె వంచుదురు. మన పాతయిండ్ల ద్వారములపై ఇటుకలతో కట్టు కమానునకును ఇదే సూత్రము.

విమానములచ్చట ఎక్కువ కాలము కాపురము చేయలేదు. 1932 జూనులో నిజాము రాష్ట్ర రైల్వేవారు రోడ్డు రవాణా శాఖను 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో ప్రారంభించిరి. ఆ బస్సులకు గౌలిగూడ శాల నీడయైనది. నేటి ఆర్టీసీకి అదియే తొలి మొలక. ఆర్టీసీ బస్సుల సంఖ్యాఫలకముపై 'జడ్' అను అక్షరమును మీరందఱును చూచియుందురు. అది నిజాము తన తల్లియైన జహ్రా బేగము పేరు నిలుచుటకై పెట్టించినదని పెద్దలు చెప్పుకొందురు. రోడ్డుపై పోవు ప్రతి బస్సును ఒక తల్లి పేరు మోయుచున్నదనుకొనుట మన స్త్రీలకు ముచ్చటగా నుండును గదా! 1994లో మూసీనది నడుమనున్న ఇమ్లీబన్‌లో క్రొత్త నిలయము వెలసిన పిదప దూరపు బస్సులు అటు తరలిపోయెను. పట్టణపు బస్సులు మాత్రము పాత నీడనే నమ్ముకొనియుండెను.

ఇంత కథ గల కప్పు 2018 జూలై 5వ తేదీన కూలిపోయెను. ప్రమాదము పొంచియున్నదని కనిపెట్టి కొన్ని దినముల ముందే బస్సులను అచ్చటినుండి తప్పించియుండుటచే ప్రాణనష్టము లేదు. వార్త విని మేమును, మా అత్తగారును పోయి చూచితిమి. వంగిన ఇనుప ప్రక్కటెముకలును, నలిగిన రేకులును గుట్టగా పడియుండెను. అత్తగారు చాలసేపు మాటాడలేదు. పిదప మెల్లగా, "పెండ్లయి వచ్చిన దినం నల్గొండ బస్సు గీడనే దింపింది బిడ్డా! రేకుల మీద వాన వడుతుంటే మీ మామ చెప్పేది నాకు వినవడనే లేదు" అనిరి. ఆమెకు మిగిలిన పెండ్లినాటి గుర్తులలో అదియొకటి యని మాకు అంతవఱకు తెలియదు.

ఆ సాయంకాలము పత్రికలో చదివి, "అత్తమ్మా, అది విమానాల కోసం కట్టిన ఇల్లంట" అని చెప్పితిమి. ఆమె మామీద నిందమోపు ధోరణి లేకయే నవ్వి, "అయితే నేను విమానాల ఇంట్లనే దిగిన్నన్నట్టు. విమానమే చూడకపోతి" అనిరి. ఆ నవ్వు మాకు ముల్లువలె గ్రుచ్చుకొనెను. ఏలయన, అందులోని తప్పు మాది.

రెండేండ్లకు మునుపు, 2016 మే నెలలో, ప్రపంచమున నెల్ల మిక్కిలి పెద్దదియగు విమానము మన శంషాబాదున దిగెను. దాని పేరు ఆంటొనోవ్ 225. ఉక్రెయిను దేశపు వారు దానిని 'మ్రియా' అని ముద్దుగా పిలిచిరి. ఆ మాటకు వారి భాషలో స్వప్నమని యర్థము. 1988 డిసెంబరు 21న అది తొలిసారి ఆకాశమున కెగసెను. సోవియట్టు ప్రభుత్వమువారి 'బురాన్' అను అంతరిక్షనౌకను వీపున మోయుటకై దానిని నిర్మించిరి. పొడవు 84 మీటర్లు, రెక్క కొననుండి రెక్క కొనకు 88 మీటర్లకు పైగా, ఇంజనులు ఆఱు, చక్రములు ముప్పదిరెండు, సంపూర్ణభారముతో లేచునప్పుడు 640 టన్నులు. వంద కిలోల బియ్యపు బస్తాల లెక్కను చూచినచో ఆఱువేల నాలుగువందల బస్తాల బరువు! మా గంజ్‌లో బస్తాలు మోయు హమాలీకి ఈ లెక్క చెప్పగా, "అమ్మా, అది లేచేదెట్ల?" అని నోరు తెఱచెను. అట్టి విమానము లోకమున ఒక్కటే పూర్తియైనది. దానికి జత లేదు.

నాడది ప్రేగు నగరమునుండి ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరమునకు సుమారు 117 టన్నుల విద్యుత్ జనరేటరును కొనిపోవుచు నడుమ మన యొద్ద ఆగెను. అది భారతదేశమునకు వచ్చుట అదియే మొదటిసారి. పుష్పకమున ఎందఱెక్కినను మఱియొకరికి చోటుండెనని మన పురాణములలో విన్నదే గాని, దానికి సాటివచ్చునది ఇంటికి గడియదూరమున నిలిచినదనిన ఎవరికి చూడవలెనని యుండదు? అత్తగారు పత్రికలోని బొమ్మను చూచి, "బిడ్డా, గంత పెద్ద విమానమంట! దూరంకెల్లి ఒక్కసారి చూసొద్దామా?" అని అడిగిరి. మా వారికి బడి సెలవులు. పోవుటకు అడ్డేమియు లేదు. కాని ఆ దినమున మా యింట ఆవకాయ. ముక్కలు కొట్టించి, తుడిచి, ఆరబెట్టియుంటిమి. ఆవపిండి, కారము సిద్ధముగా నుండెను. "ఈ పని కానియ్యి అత్తమ్మా, మళ్ల వచ్చినప్పుడు పోదాం" అంటిమి. ఆమె మఱుమాట లేక చేటను ముందునకు లాగికొని కూర్చుండిరి.

ఆవకాయ ఏటేట పెట్టితిమి. ఆ 'మళ్ల' మాత్రము మాకు రాలేదు. 2022 ఫిబ్రవరి తుదను కీవ్ నగర సమీపమందలి హోస్తోమెల్ విమానాశ్రయముకొఱకు జరిగిన యుద్ధములో మ్రియా తన శాలలోనే ధ్వంసమైపోయెను. శాల కప్పు క్రింద విఱిగి కాలిపోయి పడియున్న దాని బొమ్మను పత్రికలో చూచినప్పుడు మాకు గౌలిగూడ ఇనుపగుట్ట జ్ఞప్తికి వచ్చెను. ఒకచోట శాల పడిపోయెను. ఒకచోట శాలలోని విమానమే పోయెను. రెండింటిని చూచు అవకాశము మా గుమ్మమువఱకు వచ్చి, మమ్ము పిలిచి, పోయినది.

అదే సంవత్సరము డిసెంబరులో 'బెలూగా' అను మఱియొక వింత విమానము శంషాబాదున దిగెను. తిమింగలమువలె ఉబ్బిన తల గలది. ఎయిర్‌బస్ వారు విమానముల భాగములను ఒక కర్మాగారమునుండి వేఱొకదానికి మోయుటకు చేయించుకొన్నది. అదియు వచ్చిన సంగతి మాకు తెలియునప్పటికి వెడలిపోయెను. ఇంక ఊరకుండరాదని నిశ్చయించుకొంటిమి.

బేగంపేట విమానాశ్రయమున ప్రయాణికుల విమానములు 2008 మార్చి 23తో నిలిచిపోయి, శంషాబాదునకు తరలినవి. కాని రెండేండ్లకొకమాఱు 'వింగ్స్ ఇండియా' అను విమాన ప్రదర్శనము ఆ పాత నేలపైననే జరుగుచున్నది. 2024 జనవరిలో అట్టి ప్రదర్శనమునకు బోయింగు వారి 777-9 మొదటిసారిగా మన దేశమునకు వచ్చెను. నేలపై చోటు చాలనప్పుడు దాని రెక్కల కొనలు పైకి మడుచుకొనును. ఆ ప్రదర్శనమున సామాన్యజనులను రానిచ్చు దినమున అత్తగారిని, పిల్లవానిని వెంటబెట్టుకొని మేమును పోతిమి. ఆ నాడును ఇంట పనిలేక కాదు. సంక్రాంతికి వచ్చిన చుట్టముల పక్కబట్టలన్నియు ఉతకవలసి అట్లే యుండెను. వానిని అట్లే యుండనిచ్చితిమి.

అత్తగారికి మోకాళ్ల నొప్పి. నాలుగడుగులు వేసి, నిలిచి, మఱి నాలుగడుగులు వేసి, తుదకు ఒక విమానము రెక్క నీడకు చేరిరి. అది మ్రియావంటి మహాకాయము కాదు. ఐనను ఆమె కొంగు సవరించుకొని, ముఖమెత్తి, ఆ గుండ్రని కడుపును ఈ కొసనుండి ఆ కొసవఱకు చూచిరి. పిల్లవాడు, "నానమ్మా, ఎట్లున్నది?" అని అడిగెను. "మన గౌలిగూడ కప్పు లెక్కనే ఉన్నది నాయనా" అనిరి.

ఇంక గుంటూరు సోదరికి మా విన్నపము. మీ చిన్నవాని సంతోషమునకు బహదూర్‌పురాలోని సుధా కార్ల మ్యూజియమునకు తప్పక పోవలెను. అది జంతుప్రదర్శనశాలకు చేరువనే యున్నది. కన్యబోయిన సుధాకర్ గారు తమ చేతులతో చేసిన వాహనములచ్చట కలవు. వంకాయ, కలము, క్రికెట్టు బంతి, ఎత్తుమడమ చెప్పు మున్నగు రూపములలో నున్నను అవి బొమ్మలు కావు, ఇంజనుతో నడచును. 2005లో గిన్నిసు గ్రంథమున కెక్కిన ఆయన మూడుచక్రముల సైకిలు ఎత్తు 41 అడుగులకు పైబడినది.

మీ కొఱకు మాత్రము పురానీ హవేలీలోని నిజాము మ్యూజియము. అచ్చట ఆఱవ నిజాము మహబూబ్ అలీఖాను గారి బట్టల బీరువా కలదు. బీరువాయనుట తప్పు, వీథి యనవలెను: 176 అడుగుల పొడవు, రెండంతస్తులు, పై యంతస్తు కెక్కుటకు చేతితో త్రిప్పు లిఫ్టు! ఆయన ఒకమాఱు తొడిగిన దుస్తును మఱల తొడుగలేదని ప్రతీతి. ఆ బట్టలను మడతపెట్టినవారెవరో యని మేమచ్చట నిలిచి విచారించితిమి. అచ్చటినుండి సాలార్‌జంగ్ మ్యూజియము దగ్గఱ. అందలి గడియారమునుండి గంటగంటకు చిన్న మనుష్యుడొకడు వెలికివచ్చి గంట కొట్టును. మధ్యాహ్నము పండ్రెండునకు పోయినచో పండ్రెండు దెబ్బలు వినవచ్చును. ఈ రెండింటికిని శుక్రవారము సెలవు, మఱువకుడు.

తుదకు గౌలిగూడకును ఒకమాఱు రండు. అచ్చట చూచుటకేమున్నదందురేమో. ఆ చోట నిలిచి, మీ పిల్లవానికి ఈ కథ చెప్పుడు. పిదప మీ యూరికి మరలిపోయి, దినదినము మీరు నీడకై నిలుచు కప్పేదో, నీరు తెచ్చుకొను దారిలోని రాతి కట్టడమేదో ఒక్క నిమిషము తల యెత్తి చూడుడు. ఇంటిలోని పెద్దలను దానిని గూర్చి అడుగుడు. వారు ఎక్కడికైన తీసికొనిపొమ్మని అడిగినచో ఆ దినముననే పోవుడు. పచ్చడి ముక్కలు ఒకపూట ఆగగలవు.

మీ యూరి వింతలను మాకు వ్రాసి పంపుడు. వచ్చు మాసము మఱల ముచ్చటింతము.