గూఢచారిని పట్టించేది నిప్పు కాదు

టీమ్ ఫోర్ట్రెస్ 2 కొత్తగా ఆడేవాడికి పాతకాపులు ఇచ్చే మొదటి సలహా ఎప్పుడూ ఒకటే. కనిపించిన ప్రతివాడినీ కాల్చు, మనవాడైతే ఏమీ కాదు, స్పై అయితే చస్తాడు. వినడానికి ఇంతకన్నా తేలికైన సలహా లేదు, అందుకే ఇన్నేళ్లుగా చెల్లుబాటవుతోంది. వాల్వ్ సంస్థ ఈ ఆటను 2007 అక్టోబరులో విడుదల చేసింది, 2011 జూన్‌లో ఉచితం చేసింది. అప్పట్నుంచి కొత్తగా వచ్చిన ప్రతి తరం చెవిలోనూ ఇదే మంత్రం పడుతోంది. ఇది తప్పుడు మంత్రమని నేనంటాను. స్పైని పట్టుకోవడానికి ఇది సరిగా పనికిరాదు. పైగా వాడు బతకడానికి కావలసిన గందరగోళాన్ని మన చేతులతోనే తయారుచేయిస్తుంది.

ఆట తెలియనివాళ్ల కోసం నాలుగు మాటలు చెప్పాలి. ఎరుపు జట్టు, నీలం జట్టు, మామూలుగా చెరో పన్నెండు మంది. పాత్రలు తొమ్మిది రకాలు. అందులో స్పై ఒంట్లో ఉన్న సత్తువ 125 మాత్రమే, హెవీకి 300 ఉంటుంది. స్పై ఎదురుగా నిలబడి కత్తితో పొడిస్తే 40 పోతుంది, అంతే. వెనకనుంచి వీపులో దించాడంటే మాత్రం ఎంతటివాడైనా అక్కడికక్కడే కూలిపోతాడు. రెండు సెకన్లలో మన రంగు బట్టల్లోకి, మనలో ఒకరి రూపంలోకి, మనలో ఒకరి పేరులోకి మారిపోతాడు. చేతి గడియారం నొక్కి కాసేపు కంటికి కనిపించకుండా పోతాడు. వేషంలో ఉన్నంతసేపూ మన సెంట్రీ తుపాకి వాణ్ని కాల్చదు. మన డిస్పెన్సర్ వాడి గాయాలు మాన్పుతుంది. మన టెలిపోర్టర్ వాడిని మోసుకొస్తుంది. మెడిక్ పొరబడితే చికిత్స కూడా చేసేస్తాడు. వాడు మెడిక్‌ను పిలిచినా మన చెవికి ఆ వేషానికి తగ్గ గొంతే వినిపిస్తుంది.

ఇంత పకడ్బందీగా వేషం వేసినవాణ్ని కంటితో కనిపెట్టడం అయ్యేపని కాదు, కాల్చి తేల్చుకోవలసిందే అన్నది ఆ పాతకాపుల వాదన. మనవాళ్ల తూటా మనకు తగలదు, మనవాళ్ల మంట మనల్ని అంటుకోదు, కాబట్టి పోయేదేమీ లేదంటారు. మాయమైనవాడిని సైతం మంట బయటపెడుతుంది, కాబట్టి మంట ఊదే పైరో ఉండగా మిగతావాళ్లకు ఆ బాధ అక్కర్లేదనీ అంటారు.

పోయేదేమీ లేదన్న మాటే మొదటి అబద్ధం. పైరో ఫ్లేమ్‌త్రోయర్‌లో పట్టే ఇంధనం 200. ఎదుటివాడి రాకెట్‌ను తిప్పికొట్టే గాలిదెబ్బ ఒక్కోటి మామూలు ఫ్లేమ్‌త్రోయర్‌లో 20 తింటుంది. మనవాళ్ల మీద వరసగా మంట ఊదుకుంటూ పోయిన పైరో, తీరా సోల్జర్ రాకెట్ మీదికొచ్చినప్పుడు ఖాళీ గొట్టంతో నిలబడతాడు. స్నైపర్ సంగతి ఇంకా కష్టం. వెనక్కి తిరిగి మనవాడి మీద ఒక తూటా వదలాలంటే దుర్భిణీలోంచి కన్ను తీయాలి, అప్పటిదాకా కూడగట్టుకున్న గురి పోతుంది. అన్నిటికన్నా ఎక్కువగా పోయేది మనసు. అందరినీ కాల్చడం అలవాటైనవాడు కాల్చాక చూడటం మానేస్తాడు. రెండు గుళ్లు పేల్చాడు, అవతలివాడు పడలేదు, సరే మనవాడే అనుకుని తిరిగిపోతాడు. ఒకటి రెండు గుళ్లకు చావనంత సత్తువ స్పైకి ఉంది. నదురూ బెదురూ లేకుండా నడిచిపోయే స్పై ఆ తనిఖీ దాటేశాక వాడికి మనమే ముద్ర వేసి పంపినట్టవుతుంది. ఇక వాణ్ని ఎవరూ రెండోసారి చూడరు.

పైరో మీద పెట్టుకున్న నమ్మకం కూడా అంతే. పన్నెండు మందిలో పైరో ఒకడు ఉంటాడో లేదో తెలియదు, ఉన్నా పదకొండు వీపుల వెనకా కాపలా ఉండలేడు. మంట అందేది కొంత దూరమే. చేయి తిరిగిన స్పై ఆ దూరానికి అవతల మూలలో నిలబడి, పైరో ఎప్పుడు అటు తిరుగుతాడా అని కాచుకుంటాడు. స్పైసికిల్ అనే మంచు కత్తి పట్టుకున్న స్పైకి మంట తగిలితే కరిగేది కత్తి, వాడు కాదు. ఒంటి మీది నిప్పు ఆరిపోతుంది, తప్పించుకుపోయే వ్యవధి దొరుకుతుంది, 15 సెకన్లకు కత్తి మళ్లీ చేతికొస్తుంది. డెడ్ రింగర్ గడియారం పెట్టుకున్నవాడైతే తగిలిన మొదటి దెబ్బకే చచ్చినట్టు నటిస్తాడు, నకిలీ శవం కింద పడుతుంది, ఫలానావాణ్ని చంపావని తెర మీద మన పేరుతో వార్త కూడా వస్తుంది. నిప్పును నమ్ముకున్న పైరో ఆ వార్త చూసి మురిసిపోతుంటే వాడు పక్కగదిలో మళ్లీ వేషం కడుతుంటాడు. ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకుంటే ఎలుకలు కలుగులోకి పోతాయి, కాలేది ఇల్లే.

ఈ సంగతి వాల్వ్ వాళ్లకు తెలుసు. స్పైని పరిచయం చేస్తూ 2009లో వాళ్లు విడుదల చేసిన చిన్న చిత్రమే నా వాదనకు పెద్ద సాక్ష్యం. రహస్యపత్రాలున్న గదిలో నీలం జట్టువాళ్లు గుమిగూడి ఉంటారు. వాళ్ల సొంత స్పై చచ్చిపోయిన స్నైపర్‌ను భుజాన వేసుకొచ్చి, శత్రువు ఇప్పటికే లోపలికి వచ్చేశాడని హెచ్చరిస్తాడు. మనలో ఎవరైనా కావచ్చని చెబుతుండగానే సోల్జర్ వాడి తల పేల్చేస్తాడు. వాడే శత్రువని సోల్జర్‌కు ఎంత నమ్మకమంటే, ఇదిగో ఇప్పుడు ఎరుపు రంగులోకి మారతాడు చూడండని శవం మీదికి వంగి ఎదురుచూస్తాడు. అసలు శత్రువు స్కౌట్ వేషంలో వాళ్ల వెనకాలే నిలబడి ఉన్నాడు. ఈ ఘట్టాన్ని అందరూ నవ్వుకుని వదిలేశారు. అందులో జరిగిందేమిటో ఆలోచించండి. ఆ గదిలో తుపాకి ఉంది, అనుమానం ఉంది, కాల్చడానికి వెనకాడని మనిషి ఉన్నాడు, అంటే మన పాతకాపులు కోరేవన్నీ ఉన్నాయి. ఆ స్కౌట్ ఇంతసేపటినుంచీ ఇక్కడ ఎందుకున్నాడు అన్న ప్రశ్న మాత్రం ఎవరికీ రాలేదు.

స్పై వేషంలో లొసుగులు అక్కడే ఉంటాయి. వాడు ముఖం ఎత్తుకొస్తాడు గానీ పని ఎత్తుకురాలేడు. స్కౌట్ వేషం వేస్తాడు, స్కౌట్ వేగం మామూలు వేగానికి 133 శాతం, స్పైది 2016 జూలైలో పెంచాక కూడా 107 శాతమే. పైగా గాల్లో రెండో గెంతు గెంతలేడు. మెడిక్ వేషం వేస్తాడు, పక్కనే హెవీ గాయాలతో మొత్తుకుంటున్నా చికిత్స చేయలేడు. ఇంజనీరు వేషం వేస్తాడు, రెంచ్‌తో సెంట్రీ బాగుచేయలేడు. ఏ వేషంలో ఉన్నా ఒక్క తూటా పేల్చాడంటే వేషం ఊడిపోతుంది. వేషం ఊడకుండా వాడు చేయగల దుర్మార్గం మన యంత్రాలకు వాటిని చెడగొట్టే సాపర్ తగిలించడం ఒక్కటే, అది తగిలించగానే ఇంజనీరుకు తెలిసిపోతుంది.

అందుకే నేను తనిఖీని తలకిందులు చేయమంటాను. ఎవడు దొంగ అని వెతకడం కాదు, ఎవడు దొర అన్నది ముందు తేల్చుకుంటూ పోవాలి. మీ ముందు నిలబడి శత్రువు మీదికి రాకెట్ వదిలిన సోల్జర్ మనవాడే, ఇక వాడి వంక చూడక్కర్లేదు. చికిత్స చేస్తున్న మెడిక్ మనవాడే. రెండుసార్లు గెంతిన స్కౌట్ మనవాడే. పక్కనుంచి పోతూ మీ ఒంట్లోంచి దూరిపోయినవాడు మనవాడే, ఎందుకంటే ఈ ఆటలో మనవాళ్లు మనకు అడ్డు తగలరు, శత్రువు మాత్రం ఎంత వేషం వేసినా గోడలా తగులుతాడు. ఇవన్నీ తూటా ఖర్చు లేకుండా, నడుస్తూ నడుస్తూ తెలిసే విషయాలు. ఇలా చూసుకుంటూ పోతే పదకొండు మందిలో సందేహం మిగిలేది ఒకరిద్దరి మీదే. అప్పుడు కాల్చండి, పడిపోయేదాకా కాల్చండి. మంటా వద్దు తూటా వద్దు అని నేననడం లేదు. తెలిసి చేసే ఆఖరి పనిగా అవి ఉండాలంటున్నాను.

ఉదాహరణకు, నీలం జట్టు ఒక బండిని తోసుకుంటూ వచ్చే బ్యాడ్‌వాటర్ మ్యాప్‌లో నేను ఎరుపు జట్టు ఇంజనీరుగా ఉన్నాననుకోండి. సెంట్రీ, డిస్పెన్సర్ కట్టుకుని గోడకు వీపు ఆనించి కూర్చున్నాను. నీలం జట్టు బండి తోసుకొస్తున్న వైపునుంచి మన స్నైపర్ ఒకడు వస్తాడు. ముఖం మనదే, పేరు మనదే. కానీ స్నైపర్ అటునుంచి వెనక్కి వచ్చేది ఒంటి నిండా గాయాలైతేనో, తూటాలు అయిపోతేనో. అలా వచ్చినవాడు డిస్పెన్సర్ దగ్గర నిలబడి మళ్లీ శత్రువు వైపు తిరుగుతాడు. వీడు శత్రువు వైపు తిరగలేదు. తుపాకి భుజానికి ఎత్తలేదు. డిస్పెన్సర్ చుట్టూ సగం తిరిగి నాకూ గోడకూ మధ్య సందు ఉందేమోనని చూశాడు. మనవాళ్లలో ఎవడికీ నా వీపుతో పనిలేదు. వాణ్ని పట్టించింది ఆ సగం చుట్టు. లేచి ఎదురుగా నడిస్తే చాలు, తగిలి ఆగిపోతాడు, ఆ ముఖాముఖిలో కత్తి వాడికి పెద్దగా అక్కరకు రాదు, నా షాట్‌గన్ నాకు అక్కరకొస్తుంది. ఇందులో అదృష్టం పాలేమీ లేదు, స్నైపర్ ఎలా బతుకుతాడో తెలియడమే ఉంది.

మెడిక్‌లు ఎక్కువగా స్పైల పాలబడటం వెనకా ఈ మంత్రమే ఉంది. మెడిక్‌కు కాల్చే తీరిక ఉండదు, కాబట్టి తనకు రక్షణ లేదనుకుంటాడు. ఆటలో అతనికిచ్చిన వసతి మాత్రం గొప్పది. చికిత్స ధార ఒకసారి హెవీకి అతుక్కుందంటే, అతను దగ్గరలో, అడ్డు లేకుండా ఉన్నంతసేపూ మెడిక్ ఎటు తిరిగి చూసినా అది తెగదు. అంటే వెనక్కి తిరిగి చూస్తూనే వైద్యం చేయవచ్చు. మంచి మెడిక్ చేసేది అదే. అతని కళ్లు హెవీ మీద ఉండవు, వచ్చిన దారి మీద ఉంటాయి.

పోటీల్లో చూడండి. హైలాండర్ పద్ధతిలో జట్టుకు తొమ్మిది మంది, పాత్రకు ఒక్కరు. అక్కడ ఇద్దరు మెడిక్‌లు కనబడితే ఒకడు శత్రువే, అనుమానానికి తావే లేదు. అక్కడ తనిఖీ అంటే ముఖ్యంగా మాట. మన డెమోమ్యాన్ ఎడమ వైపు ఉన్నానని మైకులో చెబుతాడు, కుడివైపు డెమోమ్యాన్ కనబడగానే తొమ్మిది మందికీ తెలిసిపోతుంది.

ఇక్కడ నాకు ఎదురయ్యే బలమైన ప్రశ్న ఒకటుంది, దాన్ని తప్పించుకోను. హైలాండర్ జట్టు ఏళ్ల తరబడి కలిసి ఆడుతుంది, మామూలు సర్వర్లో పన్నెండు మంది అపరిచితులు, వస్తుంటారు పోతుంటారు, సగం మందికి మైకే ఉండదు, వాళ్లెవరో ఎలా తెలుసుకుంటాం అని. వాళ్ల పుట్టుపూర్వోత్తరాలు అక్కర్లేదు. ట్యాబ్ మీట నొక్కితే మన జట్టులో ఎవరెవరు ఏ పాత్రో, ఎవరు బతికున్నారో ఎవరు చచ్చారో కనబడుతుంది. మన జట్టులో స్నైపరే లేడని అక్కడ కనబడితే, ఎదురుగా వస్తున్న స్నైపర్ ఎవడో వేరే చెప్పాలా? ఇప్పుడే చచ్చిన హెవీ రెండు సెకన్లకే ముందు వైపునుంచి నడిచొస్తే ఏమనుకోవాలి? మీ పేరే తగిలించుకుని ఇంకొకడు మీ ఎదుట పడ్డాడంటే ఇంకేం కావాలి? అర సెకను చూపుతో తెలిసే విషయానికి వంద తూటాలు తగలేస్తున్నాం.

మనవాళ్లకు సంబంధించి ఇంకో మాట చెప్పాలి. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో కూర్చుని దూరదేశపు సర్వర్లో ఆడేవాళ్లకు పింగ్ బాధ, అంటే సంకేతం ఆలస్యంగా చేరే బాధ, తెలుసు. ఈ ఆటలో పోటు పడిందా లేదా అన్నది పొడిచినవాడి తెర మీద కనిపించిన దాన్ని బట్టి సర్వర్ తేలుస్తుంది. మీరు వెనక్కి తిరిగేశానని అనుకుంటారు, వాడి తెర మీద మీ వీపు ఇంకా అక్కడే ఉంటుంది, పోటు పడిపోతుంది. కాబట్టి ఆఖరి క్షణంలో గిర్రున తిరిగి కాల్చే చురుకుదనం మనల్ని కాపాడదు. వాడు చేతికందేంత దగ్గరకు రాకముందే తెలుసుకోవాలి. మైకులో "అన్నా, వెనకాల స్పై!" అని అరిచేవాళ్లను రోజూ వింటాం. ఎవరి వెనకాల? ఏ వేషంలో? ఆ అరుపుకు పన్నెండు మందీ వెనక్కి తిరుగుతారు, ఎదుటి జట్టు ముందుకు దూసుకొస్తుంది. "స్నైపర్ వేషం, డిస్పెన్సర్ దగ్గర, దెబ్బ తిన్నాడు" అంటే ఒక్కడు తిరిగితే సరిపోతుంది. స్పై మీద చూపు నిలిపి కేక మీట నొక్కితే ఏ పాత్ర వేషంలో ఉన్నాడో కూడా కలిపి మన పాత్ర అరుస్తుంది, మైకు లేనివాడికి అదే చాలు.

అందరినీ అనుమానించే జట్టులో ఇంకో నష్టం జరుగుతుంది, దాని గురించే నాకు ఎక్కువ కోపం. మెడిక్ కొత్తవాడికి చికిత్స చేయడానికి జంకుతాడు. పిల్లవాడెవడో మొదటిసారి ఆటకొస్తే నలుగురు చుట్టూ చేరి మంట ఊదుతారు, వాడికి ఎవరూ ఏమీ చెప్పరు. శత్రువుల్లో కలిసిపోవాలని వేషం వేసుకున్న మన సొంత స్పై, మన కంటికి కాగితం ముసుగుతో కనబడుతున్నా వెంటపడి కాల్చేవాళ్లుంటారు. కాల్చి కాల్చి వాడు ఎవడో ఎదుటి జట్టుకు చూపించి మరీ చంపిస్తారు. శత్రు స్పై ఒక్క పోటు పొడవకుండానే మన జట్టు ముక్కలైపోతుంది. స్పై పాత్రను తయారుచేసినవాళ్లు వాడి చేతికి కత్తి, రివాల్వర్, గడియారం, సాపర్ ఇచ్చారు. మన అనుమానాన్ని ఐదో ఆయుధంగా వాడికి అందిస్తున్నది మనం.

కాబట్టి కొత్తవాడికి పాఠం చెప్పే పాతకాపులను ఒకటే కోరుతున్నాను. మొదటి వాక్యంలోంచి "అందరినీ కాల్చు" అన్న మాట తీసేయండి. తొమ్మిది పాత్రలనూ కొన్నాళ్లు వాడిచేత ఆడించండి. స్నైపర్‌గా ఆడినవాడికి స్నైపర్ ఎటు చూస్తాడో, మెడిక్‌గా ఆడినవాడికి మెడిక్ ఎక్కడ నిలబడతాడో, ఇంజనీరుగా ఆడినవాడికి రెంచ్ ఎప్పుడు ఆడించాలో ఒంటబడుతుంది. ఆఖర్న స్పైగా కూడా ఆడించండి, ఎవరి కళ్లు చూసి భయపడతాడో వాడికే తెలుస్తుంది. పైరో మీట ఎలా నొక్కాలో ఆ తర్వాత నేర్పినా ఆలస్యమేమీ కాదు.