బస్సును కాదు, బట్టను చూడండి

పొందూరు ఖద్దరు అసలుదో కాదో ఎలా తెలుస్తుందని మా ఊళ్లో ఎవరినైనా అడగండి. నూలు చూడమంటారు, నేత చూడమంటారు, వేళ్లతో తడిమి చూడమంటారు. ఏ బస్సులో వచ్చిందో చూడమని ఎవరూ చెప్పరు. వాలుగ చేప దవడతో పత్తి ఏకి, చేత్తో వడికి, చేత్తో నేసిన బట్ట చిలకపాలెం మీదుగా వచ్చినా, రైల్లో వచ్చినా అదే బట్ట కదా. ఈమెయిల్ లోకంలో మాత్రం ఇప్పటికీ చాలామంది బస్సు నంబరు మీదే భరోసా పెట్టుకున్నారు. ఫార్వర్డ్ అయిన మెయిళ్లు గుమ్మం దగ్గరే వెనక్కి పోవడానికి సగం కారణం ఇదేనని నా వాదన.

ముందు ఒక సంగతి విడదీద్దాం. మనం ఫార్వర్డ్ బటన్ నొక్కి పంపేదానితో పేచీ లేదు. అది మన పేరుతో వెళ్లే కొత్త మెయిల్. పేచీ అంతా ఆటో ఫార్వర్డ్‌తోనే. కాలేజీ ఐడీకి వచ్చినవన్నీ నా సొంత ఐడీకి పంపెయ్ అని సెట్టింగ్స్‌లో ఒకసారి పెట్టి వదిలేస్తాం చూడండి, అది. అక్కడ ‘ఫ్రమ్’ దగ్గర కంపెనీ పేరే ఉంటుంది, మోసుకొచ్చేది మాత్రం కాలేజీ సర్వర్.

1982లో ఎస్‌ఎంటీపీ పద్ధతి రాసుకున్నప్పుడు, పంపేవాడు ఎవరి పేరు చెప్పుకున్నా ఆపే ఏర్పాటు లేదు. బ్యాంకుల పేరుతో దొంగ మెయిళ్లు దూరింది ఆ సందులోంచే. దాన్ని మూయడానికి తర్వాత మూడు తాళాలు వచ్చాయి.

మొదటిది ఎస్‌పీఎఫ్. ‘నా పేరుతో మెయిళ్లు ఈ ఐపీ అడ్రసుల నుంచే వస్తాయి’ అని ప్రతి డొమైనూ డీఎన్‌ఎస్‌లో ఒక జాబితా పెట్టుకుంటుంది. ఇదే నేను చెప్పిన బస్సు నంబరు. ఫార్వర్డ్ అయినప్పుడు తలుపు తట్టేది కాలేజీ సర్వర్. కంపెనీ జాబితాలో దాని అడ్రసు ఉండదు. ఎవరూ ఏ తప్పూ చెయ్యలేదు, అయినా ఫెయిల్.

రెండోది డీకిమ్. ఇది బట్ట మీదే వేసిన ముద్ర. మెయిల్‌లోని విషయాన్నీ, సబ్జెక్టు లాంటి కొన్ని హెడర్లనీ కలిపి పంపే సర్వర్ డిజిటల్ సంతకం పెడుతుంది. ఎన్ని చేతులు మారినా ఆ సంతకం చెల్లుతుంది. షరతు ఒక్కటే, దారిలో ఎవరూ లోపల వేలు పెట్టకూడదు. మన మధ్యవర్తి సర్వర్లకు ఉన్నదే ఆ అలవాటు! సబ్జెక్టు ముందు గ్రూపు పేరు తగిలిస్తాయి, అడుగున ఒక నోటు అతికిస్తాయి, పైన ‘ఇది బయటినుంచి వచ్చిన మెయిల్’ అని బోర్డు కడతాయి. దాంతో సంతకం చెడిపోతుంది.

మూడోది డీమార్క్. పై రెండింట్లో కనీసం ఒకటి నెగ్గాలి, నెగ్గిన డొమైను ‘ఫ్రమ్’లో కనబడే డొమైనుతో కలవాలి. రెండూ పోతే ఏం చెయ్యాలో ఆ డొమైను యజమానే చెప్తాడు. ఊరుకో, స్పామ్‌లో వెయ్, లేదా తిప్పికొట్టు. 2014 ఏప్రిల్‌లో యాహూ తన డొమైనుకు ‘తిప్పికొట్టు’ అని పెట్టగానే, యాహూ వాడేవాళ్లు గ్రూపులకు రాసిన మెయిళ్లు ఎన్నో తోటి సభ్యులకు చేరకుండా పోయాయి. 2024 ఫిబ్రవరి నుంచి, జీమెయిల్ ఖాతాలకు రోజుకు 5,000కు పైగా మెయిళ్లు పంపేవాళ్లు ఈ మూడూ పెట్టుకోవాలని గూగుల్ నియమం చేసింది. అంటే తాళాలు ఇంకా బిగుస్తాయే తప్ప వదులవవు.

ఇందులో నష్టపోయేది ఎవరు? మా ఊరి అమ్మాయి ఒకతె, నాకు జూనియర్. ఇంటర్న్‌షిప్‌కు ఒప్పుకుంటున్నావా లేదా, రెండు రోజుల్లో చెప్పమని ఒక కంపెనీ ఆమె కాలేజీ ఐడీకి రాసింది. ఫార్వర్డ్‌లో అది తిరిగిపోయింది. “స్పామ్‌లో చూడలేదేటి?” అని అందరూ ఆమెనే అడిగారు. స్పామ్‌లో ఎందుకుంటుంది? తిప్పికొట్టిన మెయిల్ అసలు గుమ్మం దాటి లోపలికే రాదు. ‘చేరలేదు’ అన్న కబురు కూడా ఆమెకు రాదు. అది కవరు మీదున్న పంపినవాళ్ల అడ్రసుకు పోతుంది, అక్కడ చాలాసార్లు చదివే మనిషే ఉండడు. పోగొట్టుకున్న మనిషికి పోయిందన్న సంగతే తెలియకపోవడం, నా దృష్టిలో అసలు అన్యాయం ఇదీ.

అలాగని తాళాలు తీసెయ్యమనను. పొందూరు పేరుతో మిల్లు బట్ట అమ్మేవాళ్లు ఉన్నంతకాలం ముద్ర ఉండాల్సిందే. 2013లో ఖాదీ మార్కు నిబంధనలు తెచ్చింది కూడా అసలుకీ నకిలీకీ తేడా తెలియాలనే కదా. నేనడిగేది, ఎవరి పని వాళ్లు చెయ్యమని.

పంపే కంపెనీలు ఎస్‌పీఎఫ్ ఒక్కటీ పెట్టి చేతులు దులుపుకోకూడదు. తమ సొంత డొమైను పేరుతో డీకిమ్ సంతకం పెట్టాలి. ఫార్వర్డ్‌ను తట్టుకుని నిలిచేది అదొక్కటే.

కాలేజీ సర్వర్ నడిపేవాళ్లు వచ్చిన మెయిల్‌ను వచ్చినట్టే పంపాలి. కవరు మీద పేరు మార్చే ఎస్‌ఆర్‌ఎస్ అనే ఉపాయం ఉంది కానీ, అప్పుడు ఎస్‌పీఎఫ్ కాలేజీ పేరు మీద నెగ్గుతుంది, ‘ఫ్రమ్’లో కంపెనీ పేరుంటుంది. ఆ నెగ్గు డీమార్క్‌కు పనికిరాదు. ఏదైనా మార్చక తప్పదంటే, ‘నా దగ్గరికి వచ్చినప్పుడు ఇది సరిగ్గానే ఉంది’ అని సాక్ష్యం రాసి సంతకం చేసే ఆర్క్ పద్ధతి 2019 నుంచి ఉంది. అవతలి సర్వర్ ఆ సాక్షిని నమ్మితేనే అది పనిచేస్తుంది. కాబట్టి వేలు పెట్టకపోవడమే మేలు.

ఇక మనం. కాలేజీ ఖాతాను ఫోన్‌లోని మెయిల్ యాప్‌లో నేరుగా కలుపుకుంటే మధ్యలో ఫార్వర్డ్ అవసరమే లేదు. ఐదు నిమిషాల పని. ప్లేస్‌మెంట్లు మొదలయ్యేలోపు మీ జూనియర్లతో కూడా చేయించండి. మెయిల్ పోయాక “స్పామ్ చూశావా” అని అడగడం కన్నా అది ఎన్నో రెట్లు సాయం.