మా కాలాలు, మీ సీజన్లు

వానల్లో జలపాతాలు, చలిలో పొగమంచు, ఎండల్లో చల్లగాలి. మన్యానికి ఏ కాలంలో వెళ్ళినా ఆనందమేనని మైదానంలో చెప్పుకుంటున్నారు. అల్లూరి సీతారామరాజు జిల్లా 2022 ఏప్రిల్లో ఏర్పడింది. అంతకు ఎన్నో తరాల ముందు నుంచీ ఈ కొండల మీద బతుకుతున్న బగత, కొండదొర, కొందు, గదబ, పోర్జ, కోటియ, వాల్మీకి జనం మేము. ఇక్కడి కాలాల సంగతి మాకూ కొంత తెలుసు. అది చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

వానాకాలం అంటే మీకు కటికి, చాపరాయి, కొత్తపల్లి. గెడ్డలు నిండుగా పారుతుంటే మీకు చూడముచ్చట. మాకు అవే దాటలేని నీళ్ళు. ఎన్నో గూడేలకు దారి తెగిపోయేది అప్పుడే. మలేరియా జ్వరాలు ముసిరేదీ అప్పుడే. పాత గింజలు అయిపోయి, కొత్త పంట చేతికి రాని నెలలూ అవే. మామిడి టెంకల అంబలి తాగి ఆ నెలలు గడిపిన ఇళ్ళలో పుట్టి పెరిగినవాళ్ళం మేము.

ఒక వానాకాలం ఆదివారం, నిండు గర్భిణిని డోలీలో మోసుకుంటూ కొండ దిగాం. తారు రోడ్డు దగ్గరికి అంబులెన్సు రావాలి. రాలేదు. జలపాతం చూడ్డానికి వచ్చిన కార్లు రోడ్డుకి రెండు వైపులా ఆగి ఉంటే, అంబులెన్సు వాటి అవతలే చిక్కుకుపోయింది. కార్ల సందుల్లోంచి డోలీని తలల మీదికెత్తి నడిచాం. ఇద్దరు ముగ్గురు దిగి తమ బండ్లు పక్కకు జరిపారు, వాళ్ళకు దండం. మిగతావాళ్ళు ఫోన్లు తీశారు. తల్లీ బిడ్డా దక్కారు. కానీ ఒక మాట మాకు ఆ రోజే తెలిసొచ్చింది. జలపాతం దాకా వచ్చిన తారు రోడ్డు, జలపాతం పైనున్న ఊరికి రాలేదు.

ఇక చలికాలం. శని, ఆదివారాల్లో తెల్లవారకముందే లంబసింగి దారిలో, వంజంగి కొండ కింద బండ్ల బారు. పైనుంచి మీకు మేఘాల సముద్రం కనిపిస్తుంది. ఆ మేఘాల కింద ఊళ్ళున్నాయి. ఊళ్ళలో వరి కోతలు, నూర్పులు. కాఫీ పళ్ళు ఎర్రబడ్డాయి, ఇంటిల్లిపాదీ తోటలోనే. మీరు పూలతోట అనుకుని దిగే పసుపుపచ్చని చేను పూలతోట కాదు, వలిసెలు. మా నూనెగింజల పంట. ఫోటో కోసం మీరు పడుకున్నంత మేర మొక్క విరుగుతుంది, గింజ కట్టదు. కాపలా కూర్చున్న తల్లి పదో ఇరవయ్యో అడిగితే "పూలు చూడ్డానికీ డబ్బులా?" అని వెక్కిరిస్తారు. కోనసీమలో ఎవరి వరి చేలోనైనా మేం అలా దిగి పొర్లితే ఊరుకుంటారా?

ఆ నెలల్లో మా బడి హాజరు పట్టీ చూడండి. శనివారం ఖాళీలు, సోమవారం ఖాళీలు. పిల్లాడేడని అడిగితే వ్యూపాయింట్ దగ్గర టిఫిన్ కొట్లో గిన్నెలు కడుగుతున్నాడంటారు. వాడు తెచ్చిన డబ్బుతో ఇంట్లో ఉప్పూ నూనే వస్తున్నాయని తెలిసిన మేం వాణ్ణి ఏమని మందలించాలి? మీరు చూసొచ్చిన అందంలో మా రెండో తరగతి పిల్లల చదువూ కలిసి ఉంది.

ఎండాకాలం మీకు చల్లని విడిది. మాకు చైత్రంలో ఇటుకల పండుగ. విత్తనాలు పూజించుకుంటాం, మగవాళ్ళు వేటకెళతారు, ఆడవాళ్ళు దారికి అడ్డం కట్టి పాటలు పాడి, వచ్చిపోయేవాళ్ళను పండుగ డబ్బులు అడుగుతారు. అది అడుక్కోవడం కాదు, దౌర్జన్యమూ కాదు. వేట దొరక్క ఉత్త చేతులతో వచ్చిన మా మగవాళ్ళనే ఆ ఆడవాళ్ళు వదలరు, మీరెంత? థింసా కూడా అంతే. పండుగకో పెళ్ళికో ఊరంతా చేతులు కలిపి ఆడేది. రిసార్టులో రాత్రి భోజనానికి ముందు అరగంట ఆడించేది కాదు. కూలి కోసం అక్కడ ఆడుతున్న మా అక్కచెల్లెళ్ళను మేం తప్పుపట్టడం లేదు. ఆడించేవాళ్ళను అడుగుతున్నాం.

రిసార్టు మాట వచ్చింది కాబట్టి భూమి మాట. 1/70 చట్టం ప్రకారం ఏజెన్సీ భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదు. ప్రభుత్వ భూమిని కూడా ఇక్కడ ప్రైవేటు కంపెనీలకు లీజుకివ్వకూడదని 1997లో సమతా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కేసు పుట్టింది అనంతగిరి మండలంలో, బొర్రా చుట్టుపక్కల ఊళ్ళలోని గనుల లీజుల మీద. గుహలు చూసి వెళ్ళేవాళ్ళలో ఎంతమందికి ఈ సంగతి తెలుసు? 2025 మొదట్లో పర్యాటకం కోసం 1/70ని సవరించాలనే మాట పెద్దల నోట వచ్చింది. ఫిబ్రవరిలో మన్యం బంద్ పాటించి జవాబు చెప్పింది. ఆ చట్టం జోలికి వెళ్ళబోమని ప్రభుత్వం చెప్పాల్సి వచ్చింది.

అయితే చట్టం కాగితం మీద ఉంది, బినామీ భూమి మీద ఉన్నాడు. పట్టా గిరిజనుడిది, పెట్టుబడి మైదానం వాడిది. గల్లాపెట్టె దగ్గర కూర్చునేది వాడు, గదులు ఊడ్చేది మనం. ఇందులో మన తప్పు లేదని అనలేం. ఒక మోటార్ సైకిల్‌కి, నెలకింత అన్న మాటకి సంతకం పెట్టింది మన తమ్ముళ్ళే. తమ్ముడూ, నీ పేరు అద్దెకిచ్చావంటే నీ తాత భూమిని అద్దెకిచ్చినట్టే.

మీరు రావద్దని మేం అనడం లేదు. ఇంటికొచ్చినవాళ్ళకు అంబలి పోయకుండా పంపిన జాతి కాదు మాది. మా కుర్రాళ్ళు గుడారాలు వేసి, కాఫీ అమ్మి నాలుగు డబ్బులు చూస్తున్నారు, అది మాకూ సంతోషమే. మేం అడిగేది ఇంతే. ఏ కొండ మీద గేటు పెట్టాలన్నా, గుడారం వెయ్యాలన్నా గ్రామసభ తీర్మానం ఉండాలి. 1996 నాటి పీసా చట్టం గ్రామసభను గుర్తించింది ఉత్సవ విగ్రహంగా కూర్చోబెట్టడానికి కాదు. గేటు దగ్గర వసూలైన ప్రతి రూపాయీ లెక్క సభలో చదవాలి. వ్యూపాయింట్‌కి రోడ్డు వేసే ముందు దాని పైనున్న గూడేనికి రోడ్డు వెయ్యాలి. తాగి పారేసిన సీసాలు, ప్లాస్టిక్ తెచ్చినవాళ్ళే దింపుకుపోవాలి. ఈ నెల మా కొండకు రావద్దని ఊరు అంటే, రాకూడదు.

చివరిది మీకు కష్టంగా ఉంటుందని తెలుసు. డబ్బు పెట్టుకుని వస్తాం, ఆపడానికి మీరెవరంటారు. మా ఆచారం ఒకటి చెబుతాం. కొత్త పండుగ చెయ్యకుండా మా చెట్టు మామిడికాయ మేమే కొరకం. పిల్లాడు ఏడ్చినా ఇవ్వం. కొత్త కొర్రలైనా, సామలైనా, చిక్కుడైనా అంతే. చెట్టు మాది, చేను మాది, ఆకలి మాది. అయినా ఆగుతాం. ఏ కాలానికి ఏది తీసుకోవాలో, ఎప్పుడు చెయ్యి వెనక్కి పెట్టుకోవాలో మా పెద్దలు నేర్పింది అలాగే. కొండ ఇంకా కొండగా మిగిలి ఉందంటే, మీరు చూడ్డానికి వస్తున్నారంటే, ఆ ఆగడం వల్లే.

ఆకలితో ఉండి మేం ఆగగలిగాం. సెలవు కోసం మీరు ఆగలేరా?