నా లాప్‌టాప్‌లో నడుస్తోంది కదా!

మాది కడియం. మావయ్యకి నర్సరీ ఉంది. మొన్న సెలవుల్లో ఆయన కోసం పైథాన్‌లో మూడు చిన్న కమాండ్ లైన్ ప్రోగ్రామ్‌లు రాశాను: మొక్కల లెక్కకి ఒకటి, బిల్లుకి ఒకటి, లారీ లోడు జాబితాకి ఒకటి. నా లాప్‌టాప్‌లో మూడూ బాగానే నడిచాయి. నర్సరీ కంప్యూటర్‌లో ఒక్కటీ నడవలేదు. అందులో పైథానే లేదు మరి! బయట లారీ ఆగి ఉంది. మావయ్య పాత నోటు పుస్తకం తీసి చేత్తో రాసుకున్నారు.

ఎందుకు నడవలేదో చెబితే నవ్వారు. "మట్టి లేకుండా మొక్కని పంపితే బతుకుద్దేంట్రా అల్లుడూ?"

నిజమే. మా ఊళ్లో మొక్కని ఊరికే పీకి లారీ ఎక్కించరు. వేళ్ల చుట్టూ మట్టి ముద్దతో సహా పంపుతారు.

ఆ రాత్రి పైఇన్‌స్టాలర్‌తో మూడింటినీ విడివిడిగా సింగిల్ ఫైళ్లుగా ప్యాక్ చేశాను. నడిచాయి. కానీ పైథాన్ కూడా మూడుసార్లు ప్యాక్ అయింది. పైగా మొక్కల పేర్ల పట్టిక మూడు ఫోల్డర్లలో మూడు కాపీలు. ఒకచోట పేరు దిద్దితే మిగతా రెండు చోట్లా తప్పు అలాగే ఉండిపోయింది.

అసలు పద్ధతి తర్వాత తెలిసింది. ఉమ్మడి కోడ్ అంతా ఒకే ప్యాకేజీలో పెట్టాలి. పైథాన్ ఉన్నవాళ్ల కోసమైతే పైప్రాజెక్ట్ ఫైల్లో 'ప్రాజెక్ట్ డాట్ స్క్రిప్ట్స్' కింద మూడు లైన్లు చాలు: ఏ కమాండ్‌కి ఏ ఫంక్షన్ అని. పిప్‌తో ఒక్కసారి ఇన్‌స్టాల్ చేస్తే మూడు కమాండ్లూ వస్తాయి. పైథాన్ లేని మావయ్య లాంటివాళ్లకి పైఇన్‌స్టాలర్ స్పెక్ ఫైల్ రాయాలి. అందులో మూడు ప్రోగ్రామ్‌లకీ మూడు 'ఎగ్జి'లు, చివర్లో అన్నిటికీ కలిపి ఒకే 'కలెక్ట్'. ఒకే ఫోల్డర్ వస్తుంది, లైబ్రరీలు ఒక్క కాపీయే. ఆ ఫోల్డర్ మొత్తం కాపీ చేస్తే చాలు.

ఇదేం కొత్త సంగతి కాదు. 1995లో బ్రూస్ పెరెన్స్ డెబియన్ కోసం బిజీబాక్స్ మొదలుపెట్టింది సిస్టమ్ అంతా ఒక్క ఫ్లాపీలో పట్టించడానికే. అందులో బోలెడు కమాండ్లు కలిపి ఒకే ప్రోగ్రామ్.

మరి మనం? సొంత లాప్‌టాప్‌లో డెమో చూపించేసి ప్రాజెక్ట్ అయిపోయిందంటాం. "ప్యాకేజింగ్ ఉద్యోగంలో నేర్చుకోవచ్చులే" అంటాం. నేనూ అదే అన్నాను, లారీ ఆగేదాకా. వేరేవాళ్ల దగ్గర నడవని ప్రోగ్రామ్ నా దృష్టిలో సగం ప్రోగ్రామే.

అందుకే ఒక మాట. ఈసారి రివ్యూకి ముందు మీ ప్రాజెక్ట్‌ని పక్క రూమ్ ఫ్రెండ్ లాప్‌టాప్‌లో పెట్టి నడిపించండి. మీరు మాత్రం కీబోర్డ్ ముట్టుకోవద్దు!